ఆగిన లిఫ్టు

మేడ ఎక్కుతూ ఉండగా లిఫ్టు ఉన్నట్లుండి నిలిచిపోతుంది. దీపం ఆరిపోతుంది. ఆ చిన్న గదిలో మనతోపాటు పసిబిడ్డను ఎత్తుకొన్న ఒక తల్లి, కూరగాయల సంచితో ఒక వృద్ధుడు ఉన్నారనుకొందాం. మొదట అందరి మనస్సులలోను మెదిలేది ఒక్కటే భయం: త్రాడు తెగితే ఏమి గతి? ఆ వెంటనే పుట్టేది ఒక్కటే కోరిక: ఎలాగైనా తలుపు తెరచుకొని బయటపడవలెనని. ఈ రెంటిలో మొదటిది చాలవరకు పాతకాలపు భయం. రెండవదే నేటి ప్రమాదం. ఈ మాట ఎందుకు అనవలసివచ్చినదో తెలుసుకొనడానికి మనం నూటడెబ్బై ఏండ్లు వెనుకకు వెళ్ళవలసి ఉన్నది.

బరువులను త్రాటితో పైకి లాగడం ప్రాచీనకాలం నుండీ ఉన్నదే. నూతి గిలకను చూచినవారికి అందులో వింత ఏమీ లేదు. ఐతే చేంత్రాడు తెగితే పోయేది బొక్కెన మాత్రమే. మనుష్యులెక్కిన బల్ల తెగిపడితే పోయేవి ప్రాణాలు. సరకులు మోసే యంత్రాన్ని మనుష్యులు నమ్మి ఎక్కలేకపోవడానికి ఇదే కారణం.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికా దేశస్థుడైన ఎలీషా గ్రేవ్స్ ఓటిస్. 1811 లో వెర్మాంటు రాష్ట్రంలో జన్మించిన ఈయన, 1852 లో న్యూయార్కు సమీపాన యాంకర్స్ పట్టణంలో మంచాలు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తూ ఉండినాడు. సామాను పై అంతస్తుకు చేర్చే బల్లకు ఆయన ఒక రక్షణ కల్పించినాడు. బండ్లకు వేసే ఉక్కు కమాను నొకదానిని బల్ల పైభాగాన అమర్చి, త్రాటిని దానికి తగిలించినాడు. త్రాడు బిగువుగా ఉన్నంతసేపు కమాను వంగి ఉంటుంది. త్రాడు తెగిన మరుక్షణం అది చాచుకొని, దాని కొనలు ఇరుప్రక్కల నిలువు పట్టాలకున్న పండ్లలో చిక్కుకొంటాయి. త్రాడు తెగడమే గడియ పడడమన్నమాట!

యుక్తి ఎంత గొప్పదైనా చెప్పినంతమాత్రాన లోకం నమ్మదు గదా. 1854 లో న్యూయార్కు క్రిస్టల్ పాలెస్ ప్రదర్శనశాలలో, జనమంతా చూస్తూ ఉండగా, ఓటిస్ తానే బల్లపై నిలిచి ఎత్తుకు వెళ్ళి, త్రాటిని నరికించినాడు. బల్ల కొంచెం జారి, ఆగిపోయినది. 1857 మార్చి 23 న బ్రాడ్‌వే వీథిలో పింగాణి, గాజు సామానులమ్మే ఐదంతస్తుల అంగడిలో ఆయన ఏర్పరచిన ప్రయాణికుల లిఫ్టు నడవనారంభించినది. అది ఆవిరితో నడిచేది. 1880 లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ విద్యుత్తుతో లిఫ్టును నడిపి చూపినాడు.

నేటి లిఫ్టులలో సాధారణంగా ఒక్క త్రాడు కాదు, పలు ఉక్కుత్రాళ్ళు ఉంటాయి. వేగం మితిమీరినదా, గవర్నరు అనే సాధనం దానిని కనిపెడుతుంది. వెంటనే ఉక్కు దవడలు పట్టాలను బిగించి పట్టుకొంటాయి. విద్యుత్తు పోగానే బ్రేకు తనంతట తానే పడుతుంది. కనుక కరెంటు పోయి ఆగిన లిఫ్టు పడబోతున్న లిఫ్టు కాదు. పట్టి నిలిపిన లిఫ్టు.

దీనికి అపవాదం లేకపోలేదు. 1945 జూలై 28 న పొగమంచులో ఒక బి-25 సైనిక విమానం న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనాన్ని ఢీకొన్నది. 14 మంది మరణించినారు. ఒక లిఫ్టు త్రాళ్ళతోపాటు గవర్నరు త్రాడుకూడా తెగిపోయినందున, ఆ లిఫ్టు డెబ్బైకి పైగా అంతస్తులు క్రిందికి పడినది. అందులో ఉన్న యువతి తీవ్రంగా గాయపడికూడా బ్రతికి బయటపడినది. లిఫ్టు అంత పడిపోవడానికి ఒక యుద్ధవిమానమే వచ్చి తగలవలసివచ్చినది!

మరి, లోపల ఊపిరాడదేమో అన్న సందేహం? లిఫ్టు గది గాలి చొరని పెట్టె కాదు. 1999 లో న్యూయార్కులోనే ఒక ఉద్యోగి 41 గంటలు లిఫ్టులో చిక్కుకొన్నాడు. తలుపులు బలవంతాన తెరచి చూస్తే ఎదుట గోడ ఉన్నది. అన్నపానాలు లేకున్నా ఆయన ప్రాణాలతో బయటికి వచ్చినాడు.

నిజమైన అపాయం మన తొందరపాటులో ఉన్నది. రెండంతస్తుల నడుమ ఆగిన లిఫ్టు తలుపు తెరిస్తే, గది అడుగుకు దిగువన చీకటి గొయ్యి నోరు తెరచుకొని ఉంటుంది. దూకినవారి కాలు జారితే పడిపోయేది లిఫ్టు కాదు, వారే. పైగా, సగం బయటికి వచ్చిన సమయంలో కరెంటు వచ్చి లిఫ్టు కదిలినదంటే ఏమి జరుగునో చెప్పనక్కరలేదు.

నేడు హైదరాబాదు, విశాఖపట్టణం, విజయవాడలలో ఎన్నో కుటుంబాలకు లిఫ్టు నిత్యావసరమైనది. కనుక ఈ నాలుగు మాటలు ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండవలెను. లిఫ్టు ఆగితే గంట నొక్కవలెను. ఫోను ఉంటే కాపలాదారుకు చెప్పవలెను. పిల్లలను, పెద్దలను నేలపై కూర్చుండబెట్టవలెను. తలుపును పెకలించరాదు, పైకప్పు ఎక్కరాదు. పని తెలిసినవారు వచ్చి, లిఫ్టును అంతస్తుకు సరిగా చేర్చి, రమ్మన్నప్పుడే అడుగు బయట పెట్టవలెను.

ఆనాడు త్రాడు తెగిన బల్లపై ఓటిస్ కదలక నిలిచినాడు. త్రాడు తెగని లిఫ్టులో మనం కొంతసేపు కదలక కూర్చుండలేమా?