భూమికి బదులు పిండి: గవర్నరు ఎయిర్ చరిత్ర

ఆస్ట్రేలియా ఆదివాసులపై సానుభూతి చూపిన అన్వేషకుడు జమైకాలో నరమేధానికి బాధ్యుడెలా అయ్యాడు? ఎడ్వర్డ్ జాన్ ఎయిర్ జీవితం చదివిన వాళ్లను వేధించే ప్రశ్న ఇది. మనిషి మారాడంటారు కొందరు. మారింది మనిషి కాదు, ఎదుటివాళ్ల కోరిక అని నా అభిప్రాయం.

1815లో ఇంగ్లండులో పుట్టిన ఎయిర్ పదిహేడేళ్లకే ఆస్ట్రేలియా చేరాడు. 1841లో దక్షిణ తీరం వెంట నీరు దొరకని నేలను దాటి ఆల్బనీ చేరుకున్నాడు. దారిలో బాక్స్‌టర్ హతుడయ్యాక చివరిదాకా తోడు నిలిచింది వైలీ అనే ఆదివాసి యువకుడు. ఎయిర్‌కు 1843లో రాయల్ జాగ్రఫికల్ సొసైటీ బంగారు పతకం దక్కింది. వైలీకి దక్కింది ప్రభుత్వ రేషను.

ఆ తర్వాత ముర్రే నది ఒడ్డున మూరుండీలో ఎయిర్ ఆదివాసుల సంరక్షకుడయ్యాడు. వాళ్ల నేలనూ తిండినీ తెల్లవాళ్లే లాక్కున్నారని 1845లో అచ్చయిన తన గ్రంథంలో ఒప్పుకున్నాడు. అందుకు పరిహారంగా ఆయన పంచింది పిండి, దుప్పట్లు. భూమి మాత్రం వలసదారుల చేతిలోనే ఉండిపోయింది. చెయ్యి చాచేవాడిపై జాలిపడటం పాలకుడికి కష్టం కాదు.

జమైకాలో బానిసత్వం 1838 నాటికి పూర్తిగా రద్దయినా మంచి భూములు తోటల యజమానులవే. 1865లో సెయింట్ ఆన్ ప్రాంతపు పేదలు సాగుకు ప్రభుత్వ భూమి ఇవ్వమని రాణికి అర్జీ పెట్టుకున్నారు. కూలికి కష్టపడి పనిచేసుకోండని జవాబొచ్చింది. గవర్నరు ఎయిర్ దాన్ని ద్వీపమంతటా చాటించాడు.

అక్టోబరు 11న పాల్ బోగల్ నాయకత్వంలో జనం మోరాంట్ బే కోర్టుకు కదిలారు. మిలీషియా కాల్పులు జరిపింది. జనం కోర్టును తగలబెట్టారు. అధికారులు కొందరు చనిపోయారు. ఎయిర్ సైనిక శాసనం ప్రకటించాడు. 439 మందిని చంపారు, 600 మందికి పైగా కొరడా దెబ్బలు తిన్నారు, వెయ్యి ఇళ్లు బూడిదయ్యాయి. శాసనసభ్యుడు జార్జి విలియం గోర్డన్‌ను, సైనిక శాసనం లేని కింగ్‌స్టన్‌లో పట్టుకుని, అది ఉన్న మోరాంట్ బేకి తరలించి ఉరితీశారు.

ఇంగ్లండులో మిల్, డార్విన్ విచారణ కోరారు. కార్లైల్, డికెన్స్, టెన్నిసన్ ఎయిర్ పక్షం వహించారు. రచయితలుగా మనం మరవకూడని జాబితా ఇది. ఎయిర్‌కు ఉద్యోగం పోయింది, శిక్ష పడలేదు. పైగా 1874లో పింఛను మంజూరైంది.

ఆయన పేరు మోసిన ఆస్ట్రేలియా సరస్సుకు 2012లో ఆదివాసుల పేరు 'కటి తండా' కూడా అధికారికంగా చేరింది. బోగల్, గోర్డన్ 1969లో జమైకా జాతీయ వీరులయ్యారు. పిండి అడిగితే దయ, భూమి అడిగితే ఉరి: ఎయిర్‌లో వైరుధ్యం లేదు. వలస పాలన నీతే అది.