సుగ్గికి పోయే ఊరు, తీర్మానాల పుస్తకం

సంక్రాంతి దాటిందంటే కర్నూలు జిల్లా కోసిగి వీధుల్లో తాళాలు కనిపిస్తాయి. గుంటూరు వైపు మిరప కోతకు పోయిన ఇళ్లవి. జొన్నల మూట, చాప, రెండు గిన్నెలు, చంకలో పిల్ల, అంతా కలిపి ఒక సంసారం లారీ ఎక్కేస్తుంది. ముసలివాళ్లు అరుగు మీద మిగులుతారు. దీన్ని ఇక్కడ వలస అనరు, సుగ్గికి పోవడం అంటారు. సుగ్గి కన్నడ మాట, పంట కోతల కాలమని అర్థం. 1953 అక్టోబరు 1 దాకా కోసిగి ఉన్న ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది కాబట్టి ఆ మాట ఇక్కడ పరాయిది కాదు. సొంత చేలో కోత ఉన్నవాడికి సుగ్గి పండగే. పరాయి చేలో కోయడానికి పోయేవాళ్ల నోట కూడా అదే మాట నిలిచిపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇలాంటి ఊళ్ల గురించి రాసే నివేదికల్లో ఒక మాట తప్పదు: ‘చైతన్యం’. మొదటి పేజీలో అది లేదంటారు, చివరి పేజీలో తెచ్చామంటారు. ఎరువుల బస్తాలాగా చైతన్యం కూడా బయటినుంచి లారీలో దిగుతుందన్నట్టు! మన మెట్ట సీమలో మనుషులు, ముఖ్యంగా ఆడవాళ్లు, తమ బతుకును తామే చూసుకోవడం ఎప్పుడు, ఎలా మొదలైందన్న ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన జవాబులు మూడు. వేమన నుంచీ ఉన్నదేనని సాహిత్యం వాళ్లు, సారా ఉద్యమం నుంచి వచ్చిందని ఉద్యమం వాళ్లు, ప్రభుత్వ పథకాలతో వచ్చిందని అధికారులు. మూడింటిలోనూ కొంత నిజముంది. మూడూ అసలు చోటును దాటుకుని పోయాయనే నా ఫిర్యాదు.

వేమన సంగతి అందరికీ తెలిసిందే. ఎవరో చెప్పారని నమ్మకు, నువ్వే చూసుకో అన్నాడాయన. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర ఆ పద్యాలు సేకరించి 1829లో అచ్చు వేయించాడు. కందిమల్లాయపల్లె వీరబ్రహ్మం దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేసుకుని కులం గీత దాటాడు. ఇవి గొప్ప విషయాలే. కానీ 1876–78 నాటి ధాత కరువులో కంకర కొట్టి కూలి తెచ్చుకున్న మనిషికి తన బతుకు మీద ఏ మేరకు అధికారం ఉండిందో పద్యం చెప్పదు. 1904 చట్టంతో సహకార సంఘాలు వచ్చాయి, అవి భూమి ఉన్నవాళ్లవి. 1982లో పల్లె ఆడవాళ్ల కోసం డ్వాక్రా పథకం వచ్చింది. మొదటి పదేళ్లలో చాలాచోట్ల అది రివాల్వింగ్ ఫండు చెక్కు తీసుకుని ఫొటో దిగడంతో ముగిసేది.

ఇక నెల్లూరు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మీదికి కదిలారు, అక్షరదీపం చదువు తరగతులు అందుకు ఊపిరి పోశాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగిపోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, 1997లో పోయింది కూడా. రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి ఆ ఉద్యమం వెనకాలే పుట్టింది. ఆ బాకీ నేను ఒప్పుకుంటాను. కాకపోతే ఒకటి: కోపం ఒక అంగడిని మూయించగలదు గానీ, మర్నాడు పొద్దున ఇంట్లో ఉన్న యాభై రూపాయలు దేనికి పోవాలో తేల్చలేదు. ఆ పనికి వేరే సాధనం కావాలి.

ఆ సాధనం రూపు దిద్దుకున్నది 1995–2000 మధ్య, చాలావరకు మన కర్నూలు జిల్లాలోనే అని నా వాదన. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని మన రాష్ట్రంలో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిపింది. ఓర్వకల్లు అందులో ఒక మండలం. సంఘం, దాని మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య అనే మూడంతస్తుల కట్టడం అక్కడ నిలబడింది. 2000లో ఆరు జిల్లాల్లో మొదలైన ప్రభుత్వ పథకం ‘వెలుగు’ ఆ కట్టడాన్నే తీసుకుంది. కాబట్టి పథకం సంఘాన్ని పుట్టించిందనడం కంటే, నడిచే సంఘాన్ని చూసి పథకం రాసుకున్నారనడం సబబు.

అయితే డబ్బు విదేశీ సంస్థది కదా అంటారు. నిజమే. నేను డబ్బు గురించి మాట్లాడటం లేదు. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు అప్పుతో మొదలైంది. ఇక్కడ మొదట పొదుపు. ఆర్నెల్లు తన రూపాయలు తాను పోగేసుకున్నాకే అప్పు మాట. ఆ అప్పు కూడా ముందు తమ పెట్టెలోదే. ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడు ఏం జరిగేదో దగ్గరగా చూడాలి. పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. గతవారం తీర్మానం ఎవరో చదువుతారు. పొదుపు కట్టినవాళ్ల పేర్ల పక్కన టిక్కు పడుతుంది. తర్వాత అప్పు అడిగే మనిషి వంతు.

“ఏమిటికక్కా నీకు రెండు వేలు?”

“ఎద్దు సచ్చిపాయ, ఇంగొకటి కొనల్ల.”

“సేద్యానికి ఎద్దు ఉంటే సుగ్గికి పోవా మళ్లీ?”

“పోతా గానీ, మేస్త్రి కాడ అడ్వాన్సు తీసుకోను. తీసుకుంటే ఆయప్ప చెప్పిన కాడికే పోవల్ల గదా.”

సంఘంలో మాట ఇలా నడిచేది. మేస్త్రి అంటే కూలీలను కోతకు తీసుకుపోయేవాడు. నా దృష్టిలో చరిత్ర ఉన్నది ఈ నాలుగు మాటల్లో. సావుకారి దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నప్పుడు ‘ఏమిటికి’ అని అడిగే మనిషి లేడు. ఆయనకు తాకట్టు చాలు. ఇక్కడ తన అవసరాన్ని నోరు తెరిచి పదిమందిలో చెప్పాలి, ఎప్పుడు తీరుస్తుందో చెప్పాలి. చెప్పాలంటే ముందు తనలో తాను లెక్క వేసుకోవాలి. కట్టే వడ్డీ నూటికి రెండు రూపాయలైనా మళ్లీ ఆ పెట్టెలోకే వస్తుంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ‘లక్ష్యం రాసుకో’ అని పట్నం కుర్రాళ్లకు చెప్పిన ఆ పనినే, సంతకం రాని ఆడమనిషి వేలిముద్ర వేసి చేసింది.

ఇందులో మచ్చలు లేవా? ఉన్నాయి. పుస్తకం రాసేది చదువొచ్చిన ఎవరో ఒకరు. రాష్ట్రంలోనే అక్షరాస్యత అట్టడుగున ఉన్న మండలాల్లో ఒకటైన కోసిగిలో ఆ ఒక్కరి చేతికే పెత్తనం పోయే ప్రమాదం ఎక్కువ. కిస్తీ కట్టనివాళ్లను పదిమందిలో నిలదీయడం కొన్నిసార్లు అవమానించడం దాకా పోయింది. భర్త అవసరానికి భార్య పేరున అప్పు తెప్పించడమూ ఉంది. అన్నిటికంటే పెద్ద చిక్కు సుగ్గి. ఏడాదిలో కొన్ని నెలలు ఊళ్లో లేని మనిషి వారం వారం ఎలా కూర్చుంటుంది? ఓర్వకల్లు, కోసిగి ఒకే జిల్లాకు చెరో కొసన ఉన్నాయి. అక్కడ కుదిరింది ఇక్కడ అచ్చంగా కుదరలేదు. అందరికంటే పేదవాళ్లే అందరికంటే ముందు సంఘం నుంచి జారిపోయారు.

ఓర్వకల్లులో సంఘం నిలబడటానికి ఇంకో కారణాన్ని ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు: 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. పాత 1964 చట్టం కింద అధికారి తలుచుకుంటే పాలకవర్గాన్ని పక్కనబెట్టి తన మనిషిని కూర్చోబెట్టగలడు. కొత్త చట్టం సర్కారు వాటాను, దానితోపాటు సర్కారు పెత్తనాన్ని వద్దంది. మండల సమాఖ్యలు దీని కింద నమోదయ్యాయి. ఓర్వకల్లు పొదుపులక్ష్మి ఐక్య సంఘం సొంతంగా బాలభారతి బడి నడిపే దాకా వచ్చిందంటే, తన సొమ్ము మీద తనకు మాట ఉండటం అందుకు ఒక కారణం.

ఆ తర్వాతి కథ పెరుగుదల కథగా చెప్తారు. నాకది సగం కరుగుదల. 2004లో సంఘాల అప్పులకు పావలా వడ్డీ వచ్చింది, మేలే జరిగింది. ఆ వెనకే మైక్రో ఫైనాన్సు కంపెనీలు గడప గడపకూ వచ్చాయి. ఒకే మనిషి నాలుగు చోట్ల అప్పుపడింది, వసూళ్ల వేధింపులు ప్రాణాల మీదికి తెచ్చాక 2010 అక్టోబరులో వాటిని అదుపు చేసే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2014 ఎన్నికల్లో రుణమాఫీ మాట, 2020–24 మధ్య ఆసరా పథకం విడతలు. ఏ పార్టీ అయినా సంఘాన్ని ఓటర్ల జాబితాగానే చూసింది, సభ నింపాలంటే ముందు సంఘాలకే కబురు పోతుంది. ఇప్పుడు సంఘానికి బ్యాంకు పది లక్షలూ ఇస్తుంది, ఆపైనా ఇస్తుంది. వచ్చిన సొమ్మును పదిమందీ సమానంగా పంచేసుకుంటారు. ‘ఏమిటికక్కా’ అనే ప్రశ్న లేదు. సమావేశం సంతకానికి కుదించుకుపోయింది. సంఘాల పంచసూత్రాల్లో మొదటిది సమావేశమే అని గోడల మీద మాత్రం రాసి ఉంది.

అప్పు పెరిగిందని నా బాధ కాదు. ఎద్దు ధర కూడా పెరిగింది. అడిగేవాళ్లు లేని అప్పు సావుకారి అప్పుకు ఎంత దూరంలో ఉందో చూడమంటున్నాను. సుగ్గి ఊళ్లలో సమావేశాలను వారాల క్యాలెండరుకు కట్టేయకుండా, జనం ఊళ్లో ఉండే ఉగాది తర్వాత, మళ్లీ లారీ ఎక్కే ముందర గట్టిగా నడిపితే, మేస్త్రి అడ్వాన్సుకు బదులు పెట్టెలోంచే దారి ఖర్చు ఇస్తే, కోసిగి లాంటిచోట సంఘం ఇంకా కొంత నిలబడుతుందని నా నమ్మకం.

చివరగా ఒక విన్నపం. ఆ 1990ల నాటి తీర్మానాల పుస్తకాలు, చింపిరి అట్టలతో, నూనె మరకలతో ఇంకా కొన్ని ఇళ్లలో ఉండే ఉంటాయి. లెక్కలన్నీ ఆన్‌లైను అయ్యాక వాటిని తూకానికి వేసేస్తున్నారు. ఆదోని, కోసిగి, ఓర్వకల్లు వైపు ఎవరి అటక మీదైనా అలాంటి పుస్తకం ఉంటే దయచేసి పారేయకండి.