నౌకపై వాలు జెట్ విమానము

సముద్రమున సాగిపోవు నౌకపై జెట్ విమానమును దింపుట ఎంతటి పరీక్షయో వైద్యులే కొలిచి చూచిరి. వియత్నాం యుద్ధకాలమున అమెరికా నౌకాదళ వైమానికుల గుండె వేగమును పరిశీలింపగా, శత్రువుపై బాంబులు వేయునప్పటి కంటె తిరిగి నౌకపై వాలునప్పుడే అది హెచ్చుగా నుండెను.

పూర్తిగా జెట్ యంత్రముతోనే నడచు విమానమును నౌకపై దింపిన మొదటివాడు ఎరిక్ బ్రౌన్ అను బ్రిటిష్ వైమానికుడు. 1945 డిసెంబరు 3వ తేదీన ‘ఓషన్’ నౌకపై ఆయన సీ వాంపైర్ విమానమును దింపెను. ఆ కాలమున నౌక అంచున నిలిచిన అధికారి రెండు చేతులతో చేయు సైగలే వైమానికునకు దారి చూపెడివి. జెట్ వేగమునకు ఆ సైగలు చాలవయ్యెను. పైగా ఆనాటి జెట్ యంత్రము కోరిన వెంటనే శక్తినిచ్చునది కాదు. కొన్ని సెకన్లు జాగు చేయును. ఆ జాగే ప్రాణముల మీదికి తెచ్చుచుండెను.

1951లో నికొలస్ గుడ్‌హార్ట్ అను బ్రిటిష్ నౌకాధికారి ఒక ఉపాయము పన్నెను. నౌకపై ఒక దర్పణము, దాని కిరుప్రక్కల దీపముల వరుస. దర్పణమున మెరయు వెలుగు ఆ వరుసలో కలిసినచో త్రోవ సరియైనది. పైకి కనిపించినచో విమానము ఎత్తు హెచ్చినది, క్రిందికి దిగినచో తగ్గినది. చేతి అద్దముపై లిప్‌స్టిక్‌తో గీత గీసి ఆయన ఈ సంగతిని పై యధికారులకు చూపెనని ప్రసిద్ధి. నివేదికలు వ్రాయుటయే వృత్తిగా గల మనకు ఈ ముచ్చట కొంత కనువిప్పే! అదే కాలమున డెనిస్ క్యాంబెల్ సూచనపై దిగు బాటను కొంచెము ఎడమకు మరల్చిరి.

అయినను భారమంతయు వైమానికునిదే. ఆ మంద వేగమున చేతి దండముతో విమానపు ముక్కును, థ్రాటిల్‌తో దిగు వడిని చూచుకొనవలెను. ఒకటి కదిపిన రెండవది చెడును. చివరి కొద్ది సెకన్లలోనే వందలకొలది సవరణలు.

ఈ ముడిని విప్పినది అమెరికా నౌకాదళపు ‘మ్యాజిక్ కార్పెట్’ విధానము. 2015 ఏప్రిలులో ‘జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్’ నౌకపై సూపర్ హార్నెట్ విమానములతో దానిని పరీక్షించిరి. ఇందు థ్రాటిల్‌ను, రెక్కల ఫ్లాపులను కంప్యూటరే సర్దును. వైమానికుడు దండము కదిపినచో ముక్కు లేవదు; విమానపు త్రోవయే పైకి గాని క్రిందికి గాని జరుగును. వందల సవరణలు పదులకు దిగినవి.

మన తేజస్ నౌకాదళ విమానము 2020 జనవరి 11న ‘విక్రమాదిత్య’పై తొలిసారి వాలెను. దిగు వేగమును తగ్గించుటకై దాని రెక్కల మొదళ్ల యందు ‘లెవ్‌కాన్’ అను కదలెడి పలకల నమర్చిరి.

కంప్యూటరు ఎంత తోడ్పడినను ఒక పాత నియమము మాత్రము మారలేదు. చక్రములు నౌకను తాకిన క్షణముననే యంత్రమును పూర్తి శక్తికి పెంచవలెను. తోక కొక్కెము ఉక్కు త్రాటిని పట్టనిచో, మరల గాలిలోనికి లేచుటకు అదియే దారి.