గుర్రానికి సూది వైద్యం: మూడు వేల ఏళ్ల కథలో నిజమెంత?

పోయిన ఎపిసోడ్‌లో నేనో మాట అనేశా: "చైనాలో మూడు వేల ఏళ్లుగా గుర్రాలకి ఆక్యుపంక్చర్ చేస్తున్నారు" అని. కామెంట్స్‌లో ఒకరు "అన్నా, ఆధారం ఏంటి?" అని అడిగారు. వెతికితే, తొందరపడింది నేనే అని తేలింది. ఈరోజు ఆ లెక్క సరిచేద్దాం.

ముందు, చైనాకి గుర్రపు వైద్యం మీద అంత పట్టు ఎందుకు? యుద్ధం కోసం. క్రీ.పూ. 104–101 మధ్య హాన్ చక్రవర్తి వు మేలుజాతి గుర్రాల కోసం ఫెర్గానా మీదికి, అంటే ఇప్పటి ఉజ్బెకిస్తాన్ వైపు, రెండుసార్లు సైన్యాన్ని పంపాడు. అలాంటి గుర్రం జబ్బుపడితే చూస్తూ కూర్చోరు కదా!

ఈ కథలో అందరూ చెప్పే పేరు బో లె. క్రీ.పూ. 7వ శతాబ్దం వాడు, గుర్రాన్ని చూడగానే దాని సత్తా చెప్పేవాడని పేరు. ఆయన పేరు మీద ఒక సూది వైద్య గ్రంథం కూడా ఉంది. కానీ అది మనకి దొరికేది ఆయన తర్వాత ఎన్నో వందల ఏళ్లకి వచ్చిన సంకలనాల్లోనే.

తర్వాత 1608లో మింగ్ రాజుల కాలంలో, యు ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ములు గుర్రపు వైద్యం మీద పెద్ద పుస్తకం తెచ్చారు. అందులో సూది పెట్టే చోట్లు ఉన్నాయి. అసలు మెలిక ఇక్కడే ఉంది. చైనీస్‌లో "జెన్" అంటే సూది. కానీ గుర్రాల విషయంలో ఆ మాట కింద మెడ నరం కోసి రక్తం తీయడం, వాత పెట్టడం కూడా వచ్చేవి. రక్తం తీయడం అప్పట్లో యూరప్‌లోనూ మామూలే. ఇప్పుడు మనం వీడియోల్లో చూసే సన్నని సూదుల వైద్యం, ఇదీ ఒకటి కాదు.

మరి ఇప్పటి చార్టులు ఎక్కడివి? చాలావరకు 1970ల నుంచి, మనిషి ఒంటి మీది పాయింట్లని గుర్రం మీదికి మార్చి గీసినవి. తమాషా ఏంటంటే, వాటిలో పిత్తాశయం పేరుతో ఒక మార్గం ఉంటుంది. గుర్రానికి అసలు పిత్తాశయమే లేదు!

పనిచేస్తుందా అంటే, జంతువుల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2006లో ఒక సమీక్ష వచ్చింది. గట్టి రుజువు లేదని తేల్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, గుర్రానికి కడుపునొప్పి తీవ్రమైతే గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అది నోరు తెరిచి చెప్పలేదు. "మూడు వేల ఏళ్ల వైద్యం" అన్న నా మాట నమ్మి ఎవరైనా పశువుల డాక్టర్‌ని పిలవడం ఆలస్యం చేస్తే? అందుకే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పాతదైతే చాలు, నిజమైపోదు. అడిగిన ఆ ఫ్రెండ్‌కి థాంక్స్. మీరూ ఇలాగే అడుగుతూ ఉండండి.