ఒక మరణశాసనము – ఒక వారసుని అన్వేషణ

మరణశాసనము వ్రాయువాడు తాను చూడబోని కాలమునకు ఆజ్ఞ యిచ్చుచున్నాడు. ఆ కాలము వచ్చునప్పటికి అందు పేర్కొనబడిన మనుష్యుడు ఎచ్చట నున్నాడో, ఏ పేరున నున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియకుండుట కలదు. దస్తావేజులు చూచి యెరిగినవారి కిది క్రొత్త గాదు. దత్తు పోయినవాని యింటిపేరు మారును. ఊరు విడిచినవాని జాడ మాయును. వ్రాతలోని మనుష్యుడును లోకములోని మనుష్యుడును ఒక్కడే యని ఋజువు చేయుటయే వారసత్వ వ్యవహారములలో మిక్కిలి కష్టమైన పని. ఇట్టి యన్వేషణ యొకటి సముద్రముల కావల జరిగి, ఒక మహావిద్యాసంస్థకు పునాది యయ్యెను. గ్రంథాలయ రజతోత్సవ వేళ ఆ వృత్తాంతము తెలిసికొనదగినది.

జేమ్సు స్మిత్‌సన్ అను ఆంగ్లేయుడు రసాయనశాస్త్రవేత్త. 1787లో లండనులోని రాయల్ సొసైటీ సభ్యత్వము నందెను. నార్తంబర్లాండు ప్రభువు హ్యూ ఆయన తండ్రి. కాని తల్లి ఆ ప్రభువునకు ధర్మపత్ని కాదు. అందుచేత తండ్రి బిరుదము గాని, స్థానము గాని కుమారునకు సంక్రమింపలేదు. నడివయస్సు సమీపించువరకు ఆయన తల్లి వైపున వచ్చిన మేసీ యను యింటిపేరుతోనే వ్యవహరించెను. తరువాతనే స్మిత్‌సన్ అను పేరు ధరించెను. కర్ణుని కథ నెరిగిన మనకు, పుట్టుకను బట్టి ప్రతిభావంతునకు కలుగు లోటు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

స్మిత్‌సన్ వివాహము చేసికొనలేదు. 1826 అక్టోబరు 23వ తేదీన మరణశాసనము వ్రాసెను. పూర్వము తనకు సేవ చేసిన జాన్ ఫిటాల్ అనువానికి ఏటేట నూరు పౌండ్లు ఏర్పరచెను. ఆస్తి మీది రాబడిని తన తమ్ముని కుమారుడైన హెన్రీ జేమ్సు హంగర్‌ఫర్డ్‌కు జీవితాంతము వ్రాసెను. ఆ కుమారునకు సంతానము కలిగినచో, వారు ధర్మపత్ని వలన పుట్టినవారైనను కాకున్నను, ఆస్తి వారికే చెందవలెనని స్పష్టపరచెను. తాను పొందని న్యాయము తన తరువాతివారికి లోపింపరాదని ఆయన తలచెను కాబోలు. సంతానము లేకున్నచో మాత్రము సమస్తమును అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెంది, వాషింగ్టను నగరమున మానవులలో జ్ఞానమును పెంపొందించి వ్యాపింపజేయు సంస్థ యొకటి తన పేర నెలకొనవలెనని శాసించెను. ఆయన ఆ దేశమున నెన్నడును అడుగు పెట్టియుండలేదు.

స్మిత్‌సన్ 1829 జూను 27న జెనోవా నగరమున మృతి నొందెను. సోదరపుత్రుడు ఆరేండ్లు ఆ రాబడి ననుభవించి, 1835లో ఇటలీలోని పీసా పట్టణమున అవివాహితుడుగ మరణించెను. నిక్కమైన చిక్కు ఇచ్చటనే మొదలయ్యెను. ఈతడు పుట్టినపుడు డికిన్‌సన్. పెదతండ్రి కోరికపై హంగర్‌ఫర్డ్ ఆయెను. తండ్రి పోయిన పిమ్మట తల్లి ఒక ఫ్రెంచి దేశస్థుని చేపట్టగా, ఆ మారుతండ్రి యింటిపేరైన డి లా బటూ అనునది కూడ వహించెను. ఒక్క మనుష్యునకు మూడు పేర్లు. బ్రదికినవి మూడు దేశములు. విరాటుని కొలువున కంకుడుగ, వలలుడుగ మెలగిన పాండవులను కనుగొనుటకు కౌరవుల వేగులవారికే సాధ్యము కాలేదు. న్యాయస్థానమున కాగితము లుంచుకొని ఈ మూడు పేర్లను ఒక్కటిగ ముడివేయుట తేలికయా?

ఈ సమాచారము 1835లో అమెరికా ప్రభుత్వమున కందెను. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ దానిని శాసనసభకు నివేదించెను. పరదేశీయుని దానము స్వీకరించుట దేశగౌరవమునకు తగదని కాల్‌హూన్ మున్నగువారు వాదించిరి. పూర్వాధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్సు స్వీకరింపవలెనని గట్టిగ నిలిచెను. తుదకు 1836 జూలై 1న చట్టమై, రిచర్డు రష్ అను న్యాయవేత్త లండనునకు పంపబడెను.

రష్ చేయవలసిన పని విచిత్రమైనది. ఒక వారసుడు ఉన్నాడని ఋజువు చేయువారు పెక్కుమంది; ఆయన, వారసుడు లేడని ఋజువు చేయవలసి వచ్చెను. ఉన్న బిడ్డ నొకని చూపిన చాలును. లేని బిడ్డను చూపుట యెట్లు? పైగా శాసనమునందలి మాట ప్రకారము, వివాహము కాలేదన్నంత మాత్రమున చాలదు. ఏ విధముగ పుట్టిన బిడ్డయు లేడని తేలవలెను. చాన్సరీ న్యాయస్థానము ఈ విషయమై విచారణకు ఆజ్ఞాపించెను. హంగర్‌ఫర్డ్ తిరిగిన దేశములలో వాకబు జరిగెను. సంతానమెవరును బయల్పడలేదు.

ఈ సందర్భమున ఆ యువకుని తల్లి తన హక్కును ముందుకు తెచ్చెను. రష్ ఆమెతో పంతమునకు పోలేదు. ఏటికి 150 పౌండ్ల 9 షిల్లింగులు ఆమెకు జీవితాంతము ముట్టునట్లు ఏర్పాటు జరిగెను. దానికై 5,015 పౌండ్ల ప్రభుత్వ ఋణపత్రములు ఇంగ్లండులోనే నిలుపబడెను. వాని వడ్డీ నూటికి మూడు చొప్పున లెక్కించినచో ఆ భృతి సరిగ సరిపోవును. ఆమె మరణానంతరమే ఆ మొత్తము సంస్థకు చేరెను. విద్యాదానమెంత గొప్పదైనను ఒక తల్లి నోటి కూడు తీసి చేయరాదని ఈ లెక్క మనకు తెల్పుచున్నది.

చాన్సరీ వ్యాజ్యములు తరములు గడచినను తెమలవని ఆనాడు ప్రసిద్ధి. ఇది రెండేండ్లు నిండకుండగనే 1838 మేలో పరిష్కృతమయ్యెను. ఆస్తి నమ్మి రష్ 1,04,960 బంగారు సవరనులు పెట్టెలలో నింపించి ఓడపై గొనిపోయెను. అమెరికా నాణెముల లెక్కలో అది 5,08,318 డాలర్ల 46 సెంట్లు. ప్రభుత్వమువా రీ ధనమును కొన్ని రాష్ట్రముల ఋణపత్రములలో, ముఖ్యముగ అర్కాన్సాస్ పత్రములలో పెట్టగా బాకీ రాలేదు. ఆడమ్సు పట్టు విడువక పోరాడెను. నష్టమును ప్రభుత్వమే భరించునట్లు నిర్ణయించి, 1846 ఆగస్టు 10న స్మిత్‌సోనియన్ సంస్థను స్థాపించు చట్టము చేయబడెను.

సంస్థ ఏ రూపు దాల్చవలెనను విషయమున కూడ వాదములు సాగినవి. మహాగ్రంథాలయమే ముఖ్యమని కొందరు, పరిశోధనయే ముఖ్యమని తొలి కార్యదర్శి జోసెఫ్ హెన్రీ. హెన్రీ పక్షమే నెగ్గెను. 1866లో సుమారు 40,000 గ్రంథములు శాసనసభ గ్రంథాలయమునకు మార్చబడెను. పుస్తకము లెచ్చట నున్నను చదువరికి అందిన చాలును గదా! అంతకు ముందు ఏడాది, 1865 జనవరిలో, అగ్నిప్రమాదమున స్మిత్‌సన్ స్వహస్తముతో వ్రాసికొనిన కాగితములలో పెక్కులు దగ్ధమయ్యెను. ఆయన జీవితమున అనేక విషయములు అటులనే మరుగుపడినవి. మరణశాసనము మాత్రము నిలిచెను. 1904లో ఆయన అస్థికలను అలెగ్జాండరు గ్రాహంబెల్ జెనోవా నుండి వాషింగ్టనునకు తెచ్చెను. బ్రతికియుండగ చూడని దేశమునకు దాత ఆ విధముగ చేరుకొనెను.

ఈ చరిత్రమున గమనింపదగినది ధనరాశి కాదు, క్రమము. మొదట సేవకుని భృతి, పిమ్మట రక్తసంబంధి హక్కు, పుట్టియుండవచ్చునేమో యన్న బిడ్డకై వెదకులాట, తల్లి జీవనము – ఇవన్నియు తీరిన తరువాతనే లోకోపకారము. ఎవరి హక్కును త్రొక్కకుండ వచ్చిన దానమే కలకాలము నిలుచును. గ్రామ గ్రంథాలయమునకు స్థలమిచ్చినవారు, పుస్తకమిచ్చినవారు, బీరువా యిచ్చినవారు ఎల్లరును ఒక విధమున మరణశాసనము వ్రాసినవారే. వారు పేరు వ్రాయక విడిచిన వారసు డొకడు కలడు. సాయంకాలము పొలము నుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, దీపము క్రింద పుస్తకము విప్పువాడే యతడు. వానిని కనుగొనుటకు ఏ న్యాయస్థానమును అక్కరలేదు. తలుపు తెరచి యుంచిన చాలును.