పొగాకు ప్రకటనలు, బహిరంగ ధూమపానంపై నిషేధం: విశాఖపట్నంలో చట్టం వర్తించు తీరు

సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల ప్రకటనలను నిషేధిస్తూ, వాటి వ్యాపారాన్ని, ఉత్పత్తిని, సరఫరాను నియంత్రిస్తూ పార్లమెంటు 2003లో చేసిన చట్టం 2004 మే 1 నుండి అమలులోకి వచ్చినది. అంతకు ముందే, 2001 నవంబరు 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, ప్రజా రవాణా వాహనాలలో ధూమపానాన్ని నిషేధించవలసినదిగా ఆదేశించియున్నది. కేంద్ర ప్రభుత్వం 2008లో జారీచేసిన నియమావళి అదే సంవత్సరం అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు అమలులోకి వచ్చినది.

ఈ నియమావళితో పని ప్రదేశాలు, రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, సినిమా హాళ్లు, కాఫీ హోటళ్లు, బార్లు బహిరంగ ప్రదేశాల జాబితాలో చేరినవి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, వాటి అనుబంధ సంస్థలలో వేలాదిమంది పనిచేయు విశాఖపట్నంలో ‘పని ప్రదేశం’ అను మాటకు ఎంతో ప్రాముఖ్యమున్నది. షెడ్డు, కార్యాలయం, క్యాంటీను అన్నియు దీని క్రిందికి వచ్చును. అయితే మూలచట్టంలోని నిర్వచనం ఖాళీ స్థలాలను మినహాయించినది. కావున సముద్రతీరపు ఇసుకమీద పొగత్రాగిన వ్యక్తికి, బస్టాండులో పొగత్రాగిన వ్యక్తికి చట్టం ఒకే విధంగా వర్తించదు. పత్రికా వార్తలలో ఈ తేడా తరచుగా మరుగున పడుచున్నది.

ఉల్లంఘనకు జరిమానా రూ.200 వరకు ఉండును. ప్రవేశద్వారం వద్ద 60 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తుగల హెచ్చరిక బోర్డు ఉంచవలెను. ఆవరణలో యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచరాదు. వీటికి యజమాని లేక బాధ్యుడైన అధికారి జవాబుదారీ. ఫిర్యాదు వచ్చినను ఆయన చర్య తీసుకొననిచో, ఆ ఆవరణలో ఎన్ని ఉల్లంఘనలు జరిగినవో అన్నింటికి సమానమైన జరిమానా ఆయనపై పడును. జరిమానా విధించు అధికారం పోలీసులకు మాత్రమే పరిమితం కాదు. రైల్వే స్టేషనులో స్టేషన్ మాస్టరుకు, పాఠశాలలో ప్రధానోపాధ్యాయునికి, తపాలా కార్యాలయంలో పోస్టుమాస్టరుకు సైతం ఆ అధికారమున్నది.

ప్రకటనల విషయంలో సెక్షన్ 5 ప్రత్యక్ష, పరోక్ష ప్రచారాన్ని, ప్రాయోజకత్వాన్ని నిషేధించినది. మొదటి నేరానికి రెండు సంవత్సరముల వరకు జైలుశిక్ష లేక రూ.1,000 వరకు జరిమానా లేక రెండును విధించవచ్చును. అమ్మకపు దుకాణం వద్ద మాత్రం పరిమిత కొలతల బోర్డుకు, ‘పొగాకు క్యాన్సరును కలిగించును’ వంటి హెచ్చరికతో, అనుమతి కలదు. పాన్‌షాపుల తనిఖీలో చూడవలసినది ఈ బోర్డులనే. 18 సంవత్సరములలోపు వారికి పొగాకు అమ్మరాదు. విద్యాసంస్థకు 100 గజముల పరిధిలో ఎవరికిని అమ్మరాదు.

ఈ నిబంధనలన్నియు బజారులో అమ్ముడగు సరుకును, నలుగురు మసలు చోటును ఉద్దేశించినవి. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరగ్రామాలలో తరతరాలుగా ఉన్న అలవాటు ఇందుకు భిన్నమైనది. చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకొని పీల్చుటను అక్కడ ‘అడ్డపొగ’ అందురు. పురుషులకంటె స్త్రీలలో ఈ అలవాటు హెచ్చు. చేతితో చుట్టిన చుట్టకు పెట్టె లేదు. పెట్టె లేనప్పుడు దానిపై ముద్రించవలసిన హెచ్చరిక బొమ్మయు లేదు. దానికి ప్రకటన ఏనాడును అవసరపడలేదు. తల్లి వద్ద కుమార్తె నేర్చుకొనుచున్నది. త్రాగునది ఇంటి అరుగుమీద, పొయ్యి దగ్గర. అది బహిరంగ ప్రదేశం కాదు.

నిప్పు వేడిమి, పొగ నేరుగా అంగిలికి తగులుటచే అక్కడి పొర తెల్లబడి మందమగును, ఎర్రని మచ్చలు, పుండ్లు ఏర్పడును. ఇతర ప్రాంతాలలో అరుదైన అంగిలి క్యాన్సరు ఈ తీరంలో కనబడుటకు కారణమిదే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనంలో 43.8 శాతం మంది అడ్డపొగ త్రాగువారని తేలినది. ఆ జిల్లా 1950 వరకు విశాఖపట్నం జిల్లాలో భాగమే.

అలవాటు మాన్పించుట అసాధ్యమను అభిప్రాయం సరికాదు. శ్రీకాకుళం సహా మూడు జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడకందారులపై జరిగి, 1986లో ఫలితాలు వెలువడిన మరొక అధ్యయనంలో, వ్యక్తిగతంగా కలిసి బోధించినచోట మానినవారు, తగ్గించినవారు హెచ్చినట్లు వెల్లడైనది. ఇందుకు చలానా పుస్తకం పనికిరాదు. టార్చిలైటు వెలుతురులో నోరు తెరిపించి అంగిలి చూచుట ఆరోగ్య ఉపకేంద్రం స్థాయిలోనే సాధ్యం. పరీక్షకు స్త్రీలు ముందుకు రావలెనన్న మహిళా ఆరోగ్య సిబ్బంది ఇంటికి వెళ్లవలసియుండును. మానని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, పుండు కనబడిన వారిని జాప్యం లేకుండా విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి పంపవలెను.

నిషేధం అమలుపై జిల్లాస్థాయి నివేదికలలో వసూలైన జరిమానా మొత్తం ఒక్కటే ప్రగతిసూచిగా చూపినచో, తీరమండలాల పరిస్థితి వాటిలో కానరాదు. అంగిలి పరీక్ష జరిగిన వారి సంఖ్య, పెద్దాసుపత్రికి పంపిన వారి సంఖ్య అదే పట్టికలో ప్రక్క గడిగా చేర్చవచ్చును.