ప్రత్యేక విద్యా శిక్షణ

వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేసే టీచర్లకు, థెరపిస్టులకు ఇచ్చే వృత్తి శిక్షణ ఇది. తెలుగునాట దీనికి పెద్దదిక్కు సికింద్రాబాద్ బోయినపల్లి సమీపాన మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. నేడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ మండలి గుర్తించిన అర్హత, దాని రిజిస్టరులో పేరు ఉన్నవారే ఈ వృత్తి చేయాలి.

శిక్షణకు ఆయువుపట్టు, పనిని చిన్న మెట్లుగా విడగొట్టడం. చొక్కా గుండీనే తీసుకుందాం. అంచు పట్టుకోవాలి, గుండీని కాజాలోకి సగం దూర్చాలి, అవతలి నుంచి లాగాలి. మొదట్లో అన్నీ టీచరే చేసి, చివరి లాగుడు మాత్రం పిల్లవాడికి వదులుతారు. అది పట్టుబడ్డాక దాని ముందరి మెట్టు. పని తన చేత్తో పూర్తయిందన్న సంతోషం బిడ్డకు తొలిరోజే దక్కుతుంది. ఇంత దయగల బోధనా పద్ధతి అరుదు.

శంకర్‌పల్లి, చేవెళ్ల వంటి గ్రామీణ మండలాల పిల్లలకు ఈ నైపుణ్యం చేరే దారి సమగ్ర శిక్ష పథకం కింది భవిత కేంద్రాలు. కదల్లేని పిల్లల ఇళ్లకు ప్రత్యేక టీచర్లే వెళతారు. అమ్మకు నేర్పడమూ వారి పనే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, గుర్తింపు ఉన్న వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం, అభ్యసన వైకల్యం అప్పుడే చేరాయి. అందుకే వీటి గురించి నేర్చుకోవడానికి, ప్రత్యేక విద్యలో పాత డిప్లొమా ఉన్నవారికీ మళ్లీ తరగతి గది తప్పదు.